నిద్రదొంగ చెంప మీద చుక్క

ఈద్‌కి మా ఇంటికి బిర్యానీ తినడానికి వచ్చే మన స్టూడెంట్ పిల్లల్లో ఎవరో ఒకరు, చేతులు కడుక్కుని కూర్చున్నాక, ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి తప్పకుండా అడుగుతారు.

"ఆంటీ, గీ పోరని చెంప మీద ఉన్నది దిష్టి చుక్కనే గదా? జర్మన్ల కామిక్‌లకు గిది యాడికెల్లి వచ్చింది?"

అవును నాయనా, దిష్టి చుక్కే. పెట్టింది నేనే. జర్మన్ పాఠకులెవరూ ఇంతవరకు నన్ను ఆ మాట అడగలేదు. ఇంగోల్‌స్టాట్‌లో మాస్టర్స్ చదువుకుంటూ, భాష వంటబట్టడానికి లైబ్రరీ నుంచి బొమ్మల పుస్తకాలు తెచ్చుకునే మీరు మాత్రం ఇట్టే పట్టేస్తారు. ప్రతిసారీ సగం చెప్పేలోపు ఎవరికో రైలు టైమవుతుంది. అందుకని ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

ఆ పిల్లాడే పెద్దయ్యాక ఆ కామిక్‌లో దుర్మార్గుడు, వాడికి జర్మన్‌లో ఒక పేరుంది. అది ఇక్కడ రాయను. మా ఇంట్లో నిద్రదొంగ అనేవాళ్లం. బూడిదరంగు పొడుగు కోటు, చేతిలో రేకు గరిటె, నడుం చుట్టూ గాజు సీసాలు. పొద్దు వాలాక ఊళ్లోకి వస్తాడు. పడుకున్నవాళ్ల కళ్ల మీంచి నిద్రను గరిటెతో తోడి సీసాలో పోసుకుపోతాడు. తెల్లారేసరికి ఊరంతా ఎర్రకళ్లు. బేకరీలో రొట్టెలు మాడతాయి, ట్రాములు దారి తప్పుతాయి, మేయరు ఉపన్యాసం మధ్యలో ఏడుస్తాడు. వాణ్ణి పట్టుకోవడానికి ఒక గడుగ్గాయి పిల్ల వెంటపడుతుంది. కథానాయిక ఆ పిల్లే, కానీ పేరు ఎవరికీ గుర్తుండదు. వీణ్ణి మాత్రం తాత నుంచి మనవడిదాకా గుర్తుపడతారు. వేషాల పండగ ఫాషింగ్ రోజు ఏ కీటాకి, అదే పసిపిల్లల బడికి, వెళ్లినా ఓ నలుగురు బుడతలు వంటింటి గరిటెలు పట్టుకుని వాడి వేషంలో తిరుగుతుంటారు.

వాడు దొంగిలించిన నిద్రంతా ఏం చేసుకుంటాడు? ఎందుకలా తయారయ్యాడు? అన్నేళ్లలో ఏ సంచికలోనూ చెప్పలేదు.

నేను ఆ బొమ్మలకు రంగులు వేసేదాన్ని. కరీంనగర్‌లో మా అబ్బాకి సైన్‌బోర్డుల దుకాణం ఉండేది. నా చిన్నతనమంతా టర్పెంటైన్ వాసనలో గడిచింది. మా ఆయనకు ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి వచ్చేశాక, పాపను బడిలో వేసి, తెలిసిన పని ఒక్కటే కనుక దాన్నే వెతుక్కున్నాను. మ్యూనిక్‌లో ఒక కామిక్స్ ప్రచురణ సంస్థ నన్ను చేర్చుకుంది. అబ్బా బ్రష్షుతో నేర్పింది కంప్యూటర్ తెర మీద ప్లాస్టిక్ కలంతో చేయడమే పని. నల్లటి గీతల పేజీ వస్తుంది, దాన్ని యంత్రంలోకి ఎక్కించి, గీతల కింద పొరలు పొరలుగా రంగులు పరుస్తాం. గీతలు ఆయనవి, రంగులు నావి.

ఆయనంటే చిత్రకారుడు, నిద్రదొంగను పుట్టించిన పెద్దాయన. కంప్యూటరంటే గిట్టదు. పేజీలను అట్టల మధ్య పెట్టుకుని స్వయంగా తెచ్చేవారు. సోడా కలిపిన ఆపిల్ రసం ఒక గ్లాసు ముందు పెట్టుకుని, నేను రంగులు వేస్తుంటే వెనక కూర్చుని చూసేవారు. మాట్లాడేది తక్కువ. పొగడ్త అసలే లేదు.

చేరిన కొత్తల్లో సీసాల్లోని నిద్రకు ఏ రంగు వేయమంటారని అడిగాను. "నిద్ర రంగు మీకు తెలియదా?" అన్నారు. ఇదేదో పరీక్ష అనుకున్నాను. రైల్లో ఇంటికొస్తూ ఆలోచించాను. మ్యూనిక్ నుంచి మా ఊరు వచ్చేదారిలో హాప్స్ తోటలుంటాయి, బీరులో వేస్తారే, ఆ తీగలవి. పొడుగాటి కర్రలు, వాటి మధ్య తీగలు, సాయంత్రమైతే వాటి నిండా మంచు. ఆ మంచులోకి చూస్తూ కూర్చుంటే నేను మెలకువగా ఉన్నానో నిద్రపోతున్నానో నాకే తెలిసేది కాదు. ఆ రోజు ఆ మంచు చూస్తుంటే, మా అమ్మీ తెల్లబట్టలకు నీలిమందు పెట్టే బకెట్ గుర్తొచ్చింది. ఒక్క చుక్క వేయగానే నీళ్లలో నెమ్మదిగా పాకే ఆ లేత నీలం. మర్నాడు అదే వేశాను. ఆయన చాలాసేపు తెర దగ్గరికి వంగి చూశారు. "ఇదే" అన్నారు. మళ్లీ ఎప్పుడూ రంగు గురించి ఆయన నన్ను ఏమీ అడగలేదు.

అలా ఏళ్లు గడిచాయి. నా జుట్టు నెరిసింది, ఆయన చేతికి సన్నటి వణుకు వచ్చింది. ఇద్దరం ఉద్యోగం చివరికొచ్చాం. సరిగ్గా అప్పుడు పైనుంచి కబురొచ్చింది. నిద్రదొంగ మీద ఒక సీరియల్ తీస్తామని ఎవరో ముందుకొచ్చారట. వాళ్లకు విలన్ బాల్యం కావాలట. వాడెందుకు చెడ్డవాడయ్యాడో చెప్పే ప్రత్యేక సంచిక ఒకటి వెంటనే వేయాలి.

కథ రాయడానికి సినిమా బడిలో చదువుకున్న ఒక రచయితను పెట్టారు. మంచివాడు. తన పుట్టినరోజుకి స్వయంగా కేకు చేసుకొచ్చి అందరికీ పంచేవాడు. కథ మాత్రం అచ్చు నమూనా ప్రకారం రాశాడు. వాడికొక కఠినమైన తల్లి. బిడ్డ ఏడుస్తే చీకటి గదిలో పెట్టి గొళ్లెం వేస్తుంది. నిద్రపోనివ్వదు. అందుకని వాడు పెద్దయ్యాక ఊరి మీద కక్ష కట్టాడు. నాకూ తప్పేమీ కనబడలేదు. చెడ్డవాడికి చెడ్డ అమ్మ. సీరియళ్లలో ఎన్ని చూడలేదు!

పెద్దాయన నోరెత్తకుండా పేజీలు గీసి తెచ్చారు. ఒకటే వింత. ఆ తల్లి ఒక్క బొమ్మలోనూ మనవైపు తిరిగి ఉండదు. వీపు, జడ, గొళ్లెం మీద చెయ్యి, అంతే. ముఖం లేదు. శైలి కాబోలనుకున్నాను.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లోనే మా అమ్మాయికి కూతురు పుట్టింది. దాని అందం చెబితే నా కళ్లే తగులుతాయి. మా ఇంట్లో నజర్ అంటాం, కరీంనగర్‌లో మా పక్కింటివాళ్లు దిష్టి అనేవాళ్లు, చుక్క మాత్రం ఒకటే. నేను రోజూ కాటుక డబ్బీ తీయడం, మా అమ్మాయి లాక్కోవడం.

"మమ్మా, బిట్టే, ప్లీజ్! డాక్టర్ వద్దన్నది కదా. అందులో సీసం ఉంటుంది."

"నీకూ పెట్టిననే! ఏమైనవ్? మంచిగనే ఉన్నవ్ గదా!"

"నైన్, మమ్మా. వద్దంటే వద్దు."

మా ఆయన సోఫాలోంచి తీర్పు చెప్పేవాడు. "ఊకోరాదు. నీ జమానా అయిపోయింది. గిప్పుడు ఆమె జమానా. రేపు చూపించుకునే టెర్మిన్‌కు పోతే ఆ డాక్టరమ్మ మనల్నే తిడ్తది."

డాక్టరు చెప్పింది నిజమే, నాకు తెలుసు. డబ్బీ అటక ఎక్కించేశాను. కానీ చెయ్యి ఊరుకోదు. దానికి అలవాటైన పని ఇంకోచోట దొరకబుచ్చుకుంటుంది.

ఊయలలో నిద్రదొంగ పసిబిడ్డగా ఉన్న బొమ్మకు రంగు వేసింది ఆ వారంలోనే. పెద్దాయన ఎంత ముద్దుగా గీశారో. బుగ్గలు, నిద్రలో పిడికిలి, సగం తెరిచిన నోరు. కిటికీ బయట చినుకులు, గదిలో కాఫీ యంత్రం గురగుర. నా తల ఇంట్లో ఉంది, కలం తెర మీద ఉంది. బుగ్గలకు గులాబీ వేశాను, వెంట్రుకలకు గోధుమరంగు వేశాను, ఎడమ చెంప కింద ఒక నల్లచుక్క పెట్టాను. పెట్టానని నాకు తెలియనే తెలియదు.

తెలిసింది నమూనా ప్రతులు గోడకు అంటించిన రోజు. ప్రెస్‌కు పంపేముందు పేజీలన్నీ అలా వరసగా అంటించి అందరం కలిసి చూసుకోవడం మా ఆఫీసు పద్ధతి. ఆ సాయంత్రమే పేజీలు ప్రెస్‌కు వెళ్లాలి. మధ్యాహ్నం సీరియల్ వాళ్లు చూడటానికి వస్తున్నారు. మా సంపాదకురాలు కంగారు మనిషి, అయినా మనసున్న మనిషి. గోడ వెంట నడుస్తూ ఊయల బొమ్మ దగ్గర ఆగిపోయింది.

"ఇదేమిటి, మరకా?"

దగ్గరికెళ్లి చూశాను. నాకు నవ్వు వచ్చింది.

"మరక కాదు, నేనే పెట్టాను. మా దగ్గర బిడ్డ మరీ ముద్దొస్తుంటే ఇలా పెడతారు. చూసేవాళ్ల కళ్లు తగలకుండా. బిడ్డలో ఏదో చిన్న లోపం ఉన్నట్టు."

"ఎంత బావుంది!" అంది ఆమె మనస్ఫూర్తిగా. "తీసేయండి."

రచయిత కూడా మర్యాదగానే అన్నాడు. "అర్థం మాత్రం కుదరదు కదా. ఈ తల్లి అలాంటిది కాదు."

మూల కుర్చీలో ఆపిల్ రసంతో కూర్చున్న పెద్దాయన అప్పుడు నోరు తెరిచారు.

"ఎవరు పెడతారు ఆ చుక్క?"

"అమ్మ పెడుతుంది."

"కోపంగా ఉన్న అమ్మ కూడా?"

"కోపంగా ఉన్నా పెడుతుంది. పక్కింటావిణ్ణి తిట్టుకుంటూ పెడుతుంది. పెట్టడం మాత్రం మానదు."

ఆయన లేచి ఊయల బొమ్మ చూశారు. తర్వాత గొళ్లెం మీద చెయ్యున్న బొమ్మ చూశారు. "ఈ చుక్క పెట్టిన మనిషి ఈ గొళ్లెం వేయదు" అన్నారు. గ్లాసు అక్కడే వదిలేసి బయటికి వెళ్లిపోయారు.

సంపాదకురాలు గడియారం చూసుకుంది. నన్ను నా బల్ల దగ్గరికి పంపింది. ప్రతి రంగుకూ కొత్త పొర తీసే నా అలవాటు కొద్దీ ఆ చుక్క ఒక్కటీ విడిగా ఒక పొరలో ఉంది. పొర పక్కనున్న గుర్తు నొక్కితే మాయమైపోతుంది. రోజుకి అలాంటివి వంద తీసేస్తాను. ఆ రోజు నా వేలు కదల్లేదు. మా అమ్మీ అనేది, బిడ్డ చెంప మీది చుక్క చెరిపితే చెరిపిన చేతికే పాపమని. నాకు వాటి మీద నమ్మకం ఉందా లేదా అని అడగకండి. నమ్మకం లేనివాళ్ల చేతులు కూడా కొన్నిచోట్ల ఆగుతాయి. "నా వల్ల కాదు, ఇంకెవరిచేతనైనా తీయించండి" అని చెప్పి నేనూ లేచాను.

ఆయన వెనక పెరట్లో సైకిళ్లు పెట్టేచోట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పొద్దుటి చినుకులు ఆగాయి. గోడ అవతల ఎవరో దుప్పట్లు ఆరేశారు, అవి గాలికి ఉబ్బి తగ్గుతున్నాయి. నేను పక్కన కూర్చున్నాను. ఆయన దుప్పట్లనే చూస్తూ మాట్లాడారు.

"యుద్ధం అయిపోయిన కొత్తల్లో మా అమ్మ ఆసుపత్రి లాండ్రీలో రాత్రి పని చేసేది. పగలు ఇంట్లో ఇస్త్రీ. నాన్న తిరిగి రాలేదు. ఆమె పడుకోవడం నేను చూడలేదు. ఒక్కసారి కూడా. నా చిన్నప్పుడు ఏమనుకునేవాణ్ణంటే, లోకంలో నిద్ర అందరికీ సరిపడా లేదు, మా అమ్మ వాటా ఎవరో తీసేసుకున్నారు అని. మెట్ల కింద ఒక ముసలి కుక్క పడుకునేది. దాని ముఖం దగ్గర దోసిలి పట్టి, అది వదిలే ఊపిరంతా పట్టి, ఒలకకుండా మెట్లెక్కేవాణ్ణి. మోచేత్తో తలుపు తోసి, పట్టుకో అమ్మా, నిద్ర తెచ్చాను అనేవాణ్ణి."

"ఆమె ఏం చేసేది?"

"ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి నా దోసిట్లోది తాగేది. కళ్లు మూసుకుని గురక పెట్టేది. దొంగ గురక. నేను నవ్వేవాణ్ణి. మళ్లీ ఇస్త్రీపెట్టె తీసుకునేది. ఆమె చేతులెప్పుడూ నీలిమందు వాసన వేసేవి."

అన్నేళ్ల కిందట తెర దగ్గరికి వంగి "ఇదే" అన్న మనిషి ఏం చూశాడో అప్పుడు తెలిసింది.

"మరి ఆ కథకు పేజీలు ఎందుకు గీశారు? గీయనని ఎందుకనలేదు?"

"ఆ పాత్ర సంస్థ సొత్తు. కుర్రతనంలో సంతకం పెట్టేశాను. నేను గీయకపోతే ఇంకొకరు గీస్తారు. ఇంకొకరైతే ఆమె ముఖం కూడా గీస్తారు. నేనైతే కనీసం అటు తిప్పి ఉంచగలను."

ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వచ్చింది. నా స్వభావం అంతే. కన్నతల్లిని ఊరంతటికీ రాక్షసిగా చూపిస్తుంటే, వీపు గీసి కాపాడుకుంటాడట ఈ మనిషి! ఒకసారి ఆ సంచిక అచ్చయిందంటే, తర్వాత ఎన్ని తరాల పిల్లలు చదివినా ఆమె గొళ్లెం వేసిన తల్లిగానే మిగిలిపోతుంది. "లేవండి" అన్నాను. కరీంనగర్‌లో అయితే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేదాన్ని. ఇక్కడ మర్యాద కోసం మోచేయి పట్టుకున్నాను.

మెట్ల దగ్గర ఆయన ఆగారు. "ఆ చుక్క పెద్దవాళ్లకు పెట్టరా?"

"పెడతాం. అరికాల్లో. ఎవరికీ కనబడకుండా."

ఊఁ అని తల ఊపారు.

గదిలోకైతే వచ్చారు గాని మాట పెగల్లేదు. సంపాదకురాలు, రచయిత ఎదురుగా నిలబడ్డారు. నేను చెబుదామని నోరు తెరిచాను, అది నేను చెప్పాల్సింది కాదని మూసుకున్నాను. ఆయన గోడ మీంచి ఒక నమూనా ప్రతి పీకి, వెనకవైపు తిప్పి, జేబులోంచి పెన్సిల్ తీశారు. మెట్ల కింద కుక్క. దాని ముందు ఒక పిల్లవాడి దోసిలి. మెట్లు. మోచేత్తో తోసిన తలుపు. ఇస్త్రీబల్ల దగ్గర ఒక ఆడమనిషి, ఈసారి మనవైపు తిరిగి, దోసిట్లోకి వంగి తాగుతూ. చెయ్యి వణుకుతుంటే గీతలు రెండేసిగా పడుతున్నాయి.

"ఆ తర్వాత?" అన్నాడు రచయిత, మెల్లగా.

"కుక్క నిద్ర ఎంతుంటుంది? చాల్లేదు. పక్కింటివాళ్లది తెచ్చాడు. వీధిది తెచ్చాడు. ఊరిది తెస్తున్నాడు."

"అన్ని సీసాలూ ఆమె కోసమేనా? మరి ఆమె ఏమైంది?"

"చనిపోయింది" అన్నారు పెద్దాయన. "వాడికి ఇంకా ఎవరూ చెప్పలేదు."

"నాకు ముందే చెప్పి ఉంటే" అన్నాడు రచయిత. "నువ్వు అడగలేదుగా బాబూ, రాసుకొచ్చావు" అన్నారాయన. నిష్ఠూరమేమీ లేదు ఆ మాటలో. నేను మాత్రం లోపల్లోపల చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ రోజు అందరికంటే పెద్ద పని చేసింది సంపాదకురాలు. ఆమె ఫోన్ తీసి ప్రెస్‌కు చేసి, సంచిక ఆలస్యమవుతుందని చెప్పింది. జర్మనీలో ఉన్నవాళ్లకు నేను వివరించక్కర్లేదు, చెప్పిన టైముకు ఇవ్వలేమని ఒప్పుకోవడం ఇక్కడ ఎంత కష్టమో. మధ్యాహ్నం సీరియల్ వాళ్లు వచ్చారు. కుక్క, దోసిలి, ఇస్త్రీబల్ల చూశారు. చాలా అందంగా ఉంది, కానీ విలన్‌కు ఇంకాస్త చీకటి కావాలి అన్నారు. కాఫీ తాగి వెళ్లారు, మళ్లీ రాలేదు. సీరియలూ రాలేదు. సంపాదకురాలు పైవాళ్ల దగ్గర మాటలు పడింది. రచయిత కథంతా కొత్తగా రాశాడు, ఊయల బొమ్మను మాత్రం చుక్కతో సహా అలాగే ఉంచాడు. దాదాపు మాటల్లేకుండా రాశాడు. నేను చదివిన వాటిలో అతను రాసిన మంచి కథ అదే.

పెద్దాయన పేజీలు ఒక్కొక్కటే తెచ్చేవారు. ఆఖరిది తెచ్చిన రోజు అట్ట తెరిచి నా బల్ల మీద పెట్టి, తన కుర్చీలో కూర్చోకుండా, టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ గ్లాసు ఆ రోజు నింపినట్టే ఉండిపోయింది.

ఆ పేజీ నిండా ఒకటే బొమ్మ. సన్నటి మంచం మీద ఆ తల్లి పడుకుని ఉంది. ముఖం మనవైపే. నోరు కొంచెం తెరుచుకుంది, ఇది దొంగ నిద్ర కాదు. పక్కన నేల మీద బూడిదరంగు కోటు మనిషి మోకాళ్ల మీద కూర్చుని, ఉన్న సీసాలన్నీ ఆమె మీద ఒంపేస్తున్నాడు. కలా, నిజమా? కథలో చెప్పలేదు. దుప్పటి పొట్టిది. ఒక పాదం బయటికి వచ్చి ఉంది.

రంగు మొదలుపెడుతూ బొమ్మను పెద్దది చేశాను. ఆ అరికాలి మధ్యలో నల్లగా ఒక చుక్క కనబడింది. నేను పెట్టలేదు కదా అని నా పొరలన్నీ వెతికాను. ఎక్కడా లేదు. అసలు కాగితం తీసి దీపం కింద పెట్టి చూశాను. అది సిరా. వణికే చేత్తో పెట్టినా గుండ్రంగా కుదిరింది. ఎవరొచ్చి తీసేయమన్నా ఇక నేను నొక్కడానికి గుర్తేమీ లేదు.

చుట్టూ నీలిమందు రంగు పరిచాను. పల్చగా, నెమ్మదిగా, ఆ తల్లి లేవకుండా. అదే నా ఉద్యోగంలో ఆఖరి పేజీ. తాళం చెవి అప్పగించి రైలెక్కాను. హాప్స్ తోటల్లో మంచు దిగుతోంది. అన్నేళ్లలో ఆ రైల్లో ఎప్పుడూ పూర్తిగా కన్ను మూయని నేను ఆ రోజు ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. ఫోన్ మోగితే మెలకువ వచ్చింది.

"యాడున్నవ్?" అన్నాడు మా ఆయన. "స్టేషన్ల నిలబడ్డ. నీ బండి వచ్చింది, పోయింది. నువ్వేది?"

కిటికీలోంచి చూశాను. తెలిసిన ఊరు ఒక్కటీ లేదు.

"నిద్రపోయిన" అన్నాను. "మస్తు నిద్రపోయిన."